నోటితో చెప్పిన ‘రాదు’ మీద అప్పీలు ఉండదు



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాం. మెస్ లైన్లో నిలబడి చదివేది కాదు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక తీరిగ్గా చదవండి. మీ ఇంట్లో ఎవరికైనా ఏదో ఒక ఆఫీసులో "మీకు రాదు" అన్న మాట వినాల్సి వచ్చిందేమో గుర్తు చేసుకుంటూ చదవండి. ఆ ఒక్క మాట గురించే ఈ పోస్టు.

గుండుగొలను మీలో చాలామందికి తెలుసు. ఏలూరు నుంచి వచ్చే హైవే అక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి తాడేపల్లిగూడెం, తణుకు వైపు పోతుంది. రెండోది దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోతుంది. కిందికి దిగితే కొల్లేరు వైపు చేపల చెరువులు. మా హాస్టల్ వాళ్లం ఇళ్లకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కలిసేది ఆ జంక్షన్‌లోనే. బుట్టాయగూడెం, పోలవరం వైపు నుంచి వచ్చే కోయ, కొండరెడ్డి పిల్లలు, మైదానంలో పెరిగిన యానాది, ఎరుకల, సుగాలీ పిల్లలు, అందరం అక్కడ టీ కొట్టు దగ్గర బస్సు కోసం చూస్తాం. మాలో ఎవరింట్లోనూ మాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. అందుకే ఎవరికి ఏ కాగితం వచ్చినా అందరం కలిసి చదువుతాం. ఒక్కళ్లకి అర్థం కానిది ఆరుగురికి అర్థమవుతుంది.

పోయిన ఏడాది ఆ టీ కొట్టు దగ్గరే మా యానాది తమ్ముడొకడు కలిశాడు. పేరు రాయడం లేదు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా. చెరువు గట్టు మీద షెడ్డే ఇల్లు. లీజు మారితే చెరువు మారుతుంది, చెరువు మారితే షెడ్డు మారుతుంది. రేషన్ కార్డు ఒక మండలంలో, పిల్లాడు చదివిన బడి ఇంకో మండలంలో, ఇప్పుడు ఉంటున్నది మూడో చోట. ఇంటర్ పాసయ్యాడు. డిగ్రీలో చేరాలంటే, ఫీజు రాయితీ కావాలంటే ఎస్టీ సర్టిఫికెట్ కావాలి. కార్డు ఉన్న మండలంలో జూన్‌లో అప్లై చేశాడు. మూడుసార్లు తిరిగాడు. మూడోసారి కౌంటర్ దగ్గర చెప్పిన మాట ఇదీ:

"మీ నాన్నకి సర్టిఫికెట్ లేదు, మీ తాత రికార్డు లేదు. నీకు రాదులే బాబూ. ఏమైనా కాయితాలుంటే పట్రా."

"సరేనండి" అని వచ్చేశాడు. అంతే.

ఏ ఆఫీసో పేరు రాయడం లేదు. ఒక్క ఆఫీసులో జరిగిన తప్పయితే ఇంత పోస్టు అక్కర్లేదు, మేమే పోయి మాట్లాడుకునేవాళ్లం. మేం గ్రూపులో అడిగితే పదకొండు మంది ఇలాంటిదే చెప్పారు. ఒకరికి సర్టిఫికెట్, ఒకరికి స్కాలర్‌షిప్, ఒకరి నాన్నకి పోడు పట్టా. అందరికీ నోటితోనే చెప్పారు. ఒక్కరి దగ్గర కూడా కాగితం లేదు.

మొదట మేం చేసిన పని, అప్పీలు చేద్దాం అని కూర్చోవడం. కుల ధృవీకరణ పత్రాల మీద మన రాష్ట్రంలో 1993లో వచ్చిన చట్టం ఉంది, 16వ నంబరు చట్టం. దాంట్లో 7వ సెక్షన్ అప్పీలు గురించే. సర్టిఫికెట్ ఇవ్వం అని ఉత్తర్వు ఇస్తే, ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. చదవగానే సంతోషపడ్డాం. తర్వాత ఒక చెల్లి అడిగింది, "అన్నా, ఉత్తర్వు ఏదీ?" అని.

లేదు. మా తమ్ముడి దగ్గర ఉన్నది అప్లికేషన్ రశీదు ఒక్కటే. "రాదులే బాబూ" అన్న మాటకి తారీఖు లేదు, నంబరు లేదు, సంతకం లేదు. 30 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? దేని మీద అప్పీలు చేయాలి? చట్టం మనకి తలుపు పెట్టింది, నిజమే. ఆ తలుపుకి తాళం చెవి తిరస్కరణ ఉత్తర్వు. ఆ ఉత్తర్వే మనకి ఇవ్వరు. అప్పుడు ఆ తలుపు ఉండీ ఒకటే, లేకా ఒకటే.

ఇక్కడే మా అభిప్రాయం చెప్పేస్తాం. మనవాళ్లకి అన్యాయం అప్పీలు అధికారి దగ్గర జరగడం తక్కువ. అక్కడిదాకా మనం వెళ్లనే వెళ్లం. అన్యాయం కౌంటర్ దగ్గరే, మాట రూపంలో జరిగిపోతుంది. చదువుకున్న ఇంటి పిల్లాడికి "రాదు" అంటే వాళ్ల నాన్న "ఎందుకు రాదు, రాసివ్వండి" అంటాడు. మన నాన్నలు "అలాగండి" అని తలపాగా సర్దుకుని వచ్చేస్తారు. ఆ "అలాగండి"తోనే ఆ ఫైలు చచ్చిపోతుంది.

సరే, మరి మేం ఏం చేశామో చెప్తాం. ఎవరికైనా పనికొస్తుంది.

సమాచార హక్కు చట్టం, 2005. అందరం పోటీ పరీక్షలకి బట్టీ పట్టినదే, వాడింది మాత్రం ఎవరూ లేరు. ఈ చట్టంలో ఒక తేడా ఉంది. మామూలు అప్పీలుకి "ఇవ్వం" అనే ఉత్తర్వు చేతిలో ఉండాలి. ఇక్కడ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, 7వ సెక్షన్ ప్రకారం నిరాకరించినట్టే లెక్క. అంటే వాళ్లు నోరు మూసుకు కూర్చున్నా దాని మీద అప్పీలు చేయొచ్చు. మౌనాన్ని కూడా కాగితంగా మార్చే చట్టం మాకు తెలిసి ఇదొక్కటే.

ఆగస్టులో తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాం. మూడే ప్రశ్నలు. ఒకటి, ఫలానా నంబరు అప్లికేషన్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ తారీఖున ఎవరికి పంపారు. రెండు, దాని మీద రాసిన నోట్ ఫైల్ కాపీ. మూడు, తిరస్కరించి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ. ఎందుకు కావాలో రాయలేదు, రాయాల్సిన పని లేదని చట్టమే చెప్తుంది. ఫీజు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు.

30 రోజులు చూశాం. జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాం.

ఈ మొదటి అప్పీలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాలో సగం మంది అది కోర్టు అనుకున్నాం. కోర్టు కాదు. సమాచారం ఇవ్వాల్సిన అధికారి కంటే హోదాలో పెద్ద అధికారి, అదే శాఖలో ఉంటారు, ఆయనే అప్పీలు అధికారి. ఆయన వేరే చోటి నుంచి రారు. లాయరు అక్కర్లేదు. జవాబు రావాల్సిన గడువు దాటిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో తేల్చాలి, ఆలస్యమైతే కారణం రాసి 45 రోజుల దాకా తీసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. సమాచారం ఇవ్వకపోవడం న్యాయమే అని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ అధికారి మీదే ఉంటుంది, మన మీద కాదు. 19వ సెక్షన్‌లో ఉంది. కుల సర్టిఫికెట్ చట్టంలో దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ 6వ సెక్షన్ ప్రకారం "నేను ఎస్టీని" అని రుజువు చేసుకోవాల్సింది మనమే.

విచారణకి రమ్మని కాగితం వచ్చింది. ఉదయం పదకొండింటికి హాజరు కావలెను అని. రాకపోయినా అప్పీలు వింటారు గానీ, వెళ్తేనే మంచిదని నలుగురం వెళ్లాం. మా తమ్ముడు రాత్రంతా చెరువు కాపలా కాసి, వాళ్ల నాన్న బదులు తను డ్యూటీ చేసి, తెల్లారి బస్సెక్కాడు. పదింటికల్లా ఆఫీసు వరండాలో ఉన్నాం. పిలిచింది రెండున్నరకి. ఈలోగా బల్ల మీద కూర్చునే నిద్రపోయాడు. చొక్కాకి చేపల మేత వాసన. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగి కూర్చున్నారు. అది కూడా రాస్తున్నాం, ఎందుకంటే విచారణ అనేది గదిలోకి వెళ్లాక మొదలవదు, వరండాలోనే మొదలవుతుంది.

లోపలికి వెళ్లాక భయపడ్డట్టు ఏమీ జరగలేదు. నిజం చెప్పాలి. అప్పీలు అధికారి "కూర్చోండి" అన్నారు. జవాబు ఇవ్వని అధికారి అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. ఇద్దరి ముందూ టీ కప్పులు ఉన్నాయి. రోజూ కలిసి పనిచేసేవాళ్లు, ఒకే శాఖ, ఒకే జీపు. మాకు అది చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. మా వైపు తీర్పు చెప్తారన్న నమ్మకం ఎలా కలుగుతుంది చెప్పండి?

అయినా అప్పీలు అధికారి ఒక ప్రశ్న అడిగారు.

"ఎందుకు ఇవ్వలేదండీ సమాచారం?"

"రిపోర్టు రాలేదు సార్. కింద నుంచి విచారణ రిపోర్టు వస్తే గానీ..."

"రిపోర్టు అడిగారా?"

"అడిగాం సార్."

"అడిగిన లెటర్ ఏదీ?"

ఫైలు తిరగేశారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. ఆ లెటర్ లేదు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు కాసేపు.

వారం రోజుల్లో కాపీలు ఇవ్వాలని, గడువు దాటింది కాబట్టి డబ్బులు తీసుకోకూడదని ఉత్తర్వు రాశారు. మొత్తం పది నిమిషాలు. కాపీలు వచ్చాయి. రెండు పేజీలు. అందులో ఏముందో చూసి మేం చాలాసేపు మాట్లాడలేకపోయాం. "విచారణ నివేదిక నిమిత్తం" అని ఒక వాక్యం, కింద చిన్న సంతకం. అంతే. తిరస్కరించినట్టు ఎక్కడా లేదు. తాత రికార్డు లేదన్న మాట లేదు. నాన్నకి సర్టిఫికెట్ లేదన్న మాట లేదు. "రాదులే బాబూ" అన్న మాట ఆ ఫైలు ఎప్పుడూ వినలేదు. ఫైలు దృష్టిలో మా తమ్ముడి అప్లికేషన్ ఇంకా బతికే ఉంది. చంపింది కౌంటర్ దగ్గరి మాట.

ఆ కాపీలు జత చేసి పై అధికారికి వినతి ఇచ్చాం. విచారణకి మనిషి వచ్చాడు, చెరువు గట్టు మీదికే వచ్చాడు. బంధువుల సర్టిఫికెట్లు, పిల్లాడి బడి రికార్డు చూశాడు. మూడు వారాల్లో సర్టిఫికెట్ వచ్చింది. డిసెంబర్‌లో. అప్పటికి అడ్మిషన్లు అయిపోయి నెలలు దాటింది. గెలిచాం అని ఫోటో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఒక సంవత్సరం పోయింది. ఆ సంవత్సరం ఏ అప్పీలు అధికారీ తిరిగి ఇవ్వలేడు.

ఇప్పుడు కొంతమంది అన్నలు అనేమాట ఒకటుంది. "తమ్ముడూ, ఎస్టీ సర్టిఫికెట్లు గట్టిగా పరిశీలించకపోతే దొంగ సర్టిఫికెట్ల వాళ్లు మన సీట్లు ఎగరేసుకుపోతారు కదా" అని. నిజం. మేం పరిశీలనకి వ్యతిరేకం కాదు. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. మహారాష్ట్రలో ఎస్టీ కాని కుటుంబం ఎస్టీ పేరుతో మెడికల్ సీట్ల దాకా వెళ్లిన కేసు అది. అందుకే ప్రతి రాష్ట్రంలో పరిశీలన కమిటీలు పెట్టమంది. కానీ అదే తీర్పులో, అనుమానం ఉంటే నోటీసు ఇవ్వాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని కూడా ఉంది. అంటే దొంగ సర్టిఫికెట్ వాడికి కూడా నోటీసు, విచారణ ఉన్నాయి. నిజమైన యానాది పిల్లాడికి మాత్రం నోటిమాట. ఇదెక్కడి న్యాయం? రికార్డు లేనంత మాత్రాన గిరిజనుడు కాకుండా పోడు. గట్టు మీద షెడ్డులో బతికేవాడి దగ్గర 50 ఏళ్ల కాగితం ఉంటే అప్పుడు అనుమానించాలి గానీ.

ఏజెన్సీ అన్నలూ, మీకూ ఇదే కథ అని తెలుసు. అటవీ హక్కుల చట్టం 2006లో గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడా కాకపోతే ఇంకో 60 రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. మన మాట వినకుండా మనకి వ్యతిరేకంగా తేల్చకూడదని చట్టంలోనే ఉంది. తిరస్కరిస్తే ఆ సంగతి హక్కుదారుడికి తెలియజేయాలని 2012లో నియమాలు మార్చి మరీ రాశారు. కానీ 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణ ఖాయమైనవాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించమన్నప్పుడు దేశమంతా గగ్గోలైంది. ఎందుకు? కాగితం చేతికి రానివాళ్లు, ఎందుకు కాదన్నారో తెలియనివాళ్లు ఆ లెక్కలో ఉన్నారు కాబట్టి. ఫిబ్రవరి 28న కోర్టు ఆ ఆదేశాన్ని ఆపి, అసలు తిరస్కరించిన పద్ధతి ఏమిటో చెప్పమని రాష్ట్రాలని అడిగింది. నోటితో చెప్పిన "రాదు" దేశం మొత్తం మీద ఎంత పెద్దదో చూడండి. ఇళ్లు పోయేదాకా వచ్చింది.

1/70 కేసులు నడిచే ఇళ్ల పిల్లలు మాతోపాటే హాస్టల్లో ఉన్నారు. భూమి కేసు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర మొదలై, ఏజెంటు హోదాలో కలెక్టర్ దగ్గరికి అప్పీలుకి పోతుంది. తాత మొదలుపెట్టిన కేసుకి మనవడు వాయిదాకి వెళ్తున్నాడు. వాయిదా తారీఖు కూడా నోటితోనే చెప్తే, ఆ రోజు వెళ్లకపోతే ఏమవుతుందో వాళ్లని అడగండి.

ఇంకో గందరగోళం గురించి చెప్పాలి. చాలామంది మాతో "కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పెట్టాం, అప్పీలు చేసినట్టే కదా" అన్నారు. కాదు. అర్జీ వేరు, అప్పీలు వేరు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చేది అర్జీ. దాన్ని మళ్లీ అదే ఆఫీసుకి పంపుతారు. ఫోనుకి మెసేజ్ వస్తుంది. అప్పీలుకి మెసేజ్ కాదు, ఉత్తర్వు రావాలి. అర్జీ పెట్టొద్దని అనడం లేదు, పెట్టండి. అర్జీ పెట్టాం కదా అని అప్పీలు గడువు పోగొట్టుకోవద్దు. 30 రోజులు మన కోసం ఆగవు.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. అదే శాఖ అధికారి మీద అదే శాఖ పెద్ద అధికారి విచారణ చేస్తే న్యాయం జరుగుతుందా?

మాలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఒక అన్న అన్నాడు, "దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు" అని. ఒక అక్క అంది, "ఆ శాఖ ఫైలు ఎక్కడ ఏ బీరువాలో ఉంటుందో బయటివాడికి తెలియదు, పై అధికారికే తెలుసు. లెటర్ ఏదీ అని అడిగింది ఆయనే కదా" అని. ఇద్దరిలోనూ నిజం ఉంది. మేం చూసిన అధికారి మంచివాడే. కానీ ఆయనకి ఇది అసలు పని కాదు, అదనపు పని. బల్ల మీద వేరే ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. అప్పీలు ఎంత బాగా విన్నా ఆయనకి వచ్చేదేమీ లేదు, వినకపోయినా పోయేదేమీ లేదు. పైగా ఆయన జరిమానా వేయలేడు. రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం సమాచార కమిషన్‌కే ఉంది. మంచి అధికారి దొరకడం మన అదృష్టం మీద ఆధారపడకూడదు. హక్కు అంటే అదృష్టం కాదు.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అని ముసలివాళ్లకి, వికలాంగులకి పెన్షన్ ఇచ్చే సంస్థ ఉంది. పెన్షన్ కాదంటే కారణం రాసిన ఉత్తరం పంపుతుంది, 60 రోజుల్లో అప్పీలు చేసుకోమని అందులోనే రాస్తుంది. మొదట ఆ సంస్థే ఇంకోసారి చూస్తుంది. తర్వాత విచారణ జరిపే జడ్జి కూడా ఆ సంస్థ జీతగాడే. కానీ 1946 నాటి చట్టం వల్ల ఆ జడ్జి పనికి మార్కులు వేసే అధికారం ఆ సంస్థకి లేదు. "మాకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు" అని ఆయన్ని ఏమీ చేయలేరు. అక్కడా ఆలస్యాలున్నాయి, అదేం స్వర్గం కాదు. కానీ రెండు సంగతులు మనం తీసుకోవచ్చు. ఒకే ఇంట్లో ఉన్నా విచారణ చేసేవాడి కుర్చీని వేరుగా కాపాడొచ్చు. కాదన్న ప్రతిసారీ కారణం, అప్పీలు గడువు రాసి పంపొచ్చు.

రెండోది మనకీ చట్టంలో ఉందండీ. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో ప్రతి ప్రభుత్వ ఆఫీసు తన నిర్ణయాల వల్ల ప్రభావితమయ్యే మనిషికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాలని ఉంది. 7వ సెక్షన్‌లో, సమాచారం ఇవ్వకపోతే కారణం ఏమిటి, ఎన్ని రోజుల్లో అప్పీలు చేయాలి, ఎవరికి చేయాలి అన్న మూడూ రాసివ్వాలని ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నదాన్ని కౌంటర్ దాకా తీసుకురావాలి.

అందుకని మేం అడిగేవి ఇవీ. పెద్ద కోరికలు కావు.

ఒకటి. సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, పట్టా, ఏదైనా సరే, కాదంటే తెలుగులో కారణం రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. కిందనే అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో అని రాయాలి. నాలుగు లైన్ల పని.

రెండు. అప్పీలు పెండింగ్‌లో ఉన్న విద్యార్థికి తాత్కాలికంగా సీటు ఇవ్వాలి. ఓడిపోతే తీసేయండి. గెలిచినా సీటు లేకపోతే ఆ గెలుపు ఎందుకు?

మూడు. విచారణకి పిలిచిన టైముకి పిలవాలి. కూలి మానుకుని, కాపలా మానుకుని వచ్చేవాళ్లం. కోయ మాత్రమే వచ్చిన ముసలమ్మకి మాట చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. నెలకోసారి మండలానికే వచ్చి వింటే ఇంకా మంచిది.

నాలుగు. ఎన్ని అప్పీళ్లు వచ్చాయి, ఎన్ని తేల్చారు అని ప్రతి నెలా ఐటీడీఏలో, కలెక్టరేట్‌లో బోర్డు మీద రాయాలి.

ఇవి వాళ్లు చేసేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా? వద్దు. మన పనులు మనకున్నాయి.

అప్లికేషన్ ఇచ్చిన ప్రతిచోటా రశీదు తీసుకోండి, ఫోన్లో ఫోటో తీసి గ్రూపుకి పంపండి. "రాదు" అంటే గొడవ పడొద్దు, గొంతు పెంచొద్దు. "సరే సార్, అదే రాసివ్వండి" అనండి. ఇవ్వకపోతే ఇంటికొచ్చి ఆ రోజే ఒక తెల్లకాగితం మీద రాయండి: "ఫలానా తారీఖున నా దరఖాస్తు గురించి అడగగా రాదని మౌఖికంగా తెలిపారు. దయచేసి కారణాలతో లిఖితపూర్వకంగా ఇవ్వగలరు." స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రశీదు దాచండి. ఇప్పుడు ఆ మాటకి తారీఖు వచ్చింది. మాట కాస్తా కాగితం అయింది. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, తర్వాత అప్పీలు. విచారణకి ఒక్కళ్లే వెళ్లొద్దు. వెళ్లేముందు అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకోండి, గదిలోకి వెళ్లాక అన్నీ మర్చిపోతాం, మేమూ మర్చిపోయాం.

ఆదివారాలు మధ్యాహ్నం మేం నలుగురం హాస్టల్లో కూర్చుని ఈ కాగితాలు రాస్తున్నాం. తెలుగులోనే, ఊరికే. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం వైపు ఉన్నవాళ్లు వస్తే కలిసి రాద్దాం. గుర్తుంచుకోండి, 2022 ఏప్రిల్ నుంచి జిల్లాలు వేరయ్యాయి. గుండుగొలను ఏలూరు జిల్లా, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లా. అప్పీలు పాత అలవాటు కొద్దీ వేరే జిల్లాకి పంపితే రోజులు వృథా. కవరు మీద రాసేముందు ఒకసారి అడగండి.

మా తమ్ముడు ఇప్పుడు కూడా రాత్రిళ్లు చెరువు గట్టు మీదే ఉంటున్నాడు. టార్చి లైటు ఒకటి చెరువు మీదికి, ఒకటి పుస్తకం మీదికి. ఈ జూన్‌లో చేరతాడు. ఒక సంవత్సరం ఆలస్యంగా చేరతాడు. వాళ్ల నాన్న ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి షెడ్డులో బియ్యం డబ్బాలో దాచాడట. తన చిన్నకొడుక్కి కూడా పనికొస్తుందని. నిజంగానే పనికొస్తుంది. ఆ ఇంట్లో ఇంకెవరికీ "మీ నాన్న రికార్డు లేదు, మీ అన్న రికార్డు లేదు" అని ఎవరూ అనలేరు.

మీకు జరిగింది కామెంట్‌లో రాయండి. ఏ పనికి అప్లై చేశారు, ఏ నెలలో, ఏం చెప్పారు, కాగితం ఇచ్చారా లేదా. ఉద్యోగుల పేర్లు రాయొద్దు, వాళ్లతో మనకి కక్ష లేదు. అన్నీ ఒకచోట చేర్చి, లెక్క కట్టి, పెద్దవాళ్లకి ఇద్దాం.

జై ఆదివాసీ.